ఎండకు నిలుచు పొర

(దౌల్తాబాదులో గురుస్మారక సభయందు చదివిన ఉపన్యాసము)

ఎవరి స్మృత్యర్థము ఈ ఉపన్యాసము నెలకొల్పబడినదో ఆ గురువుగారి పేరును నేను ఉచ్చరింపను. తాము జీవించియుండగా సభలలో తమ పేరు చదువుట వారికి సరిపడెడిది కాదు. ఊరిలో చిన్నా పెద్దా అందరును వారిని "లెక్కల సారు" అనియే పిలిచిరి. నేనును ఆ పిలుపుతోనే వారిని తలచుకొందును.

నేను ఈ బడిలో ఏడవ తరగతి చదువుచున్న సంవత్సరమున, ఎండలు ముదరకముందు ఒకనాడు, సారు దుబ్బాక మగ్గముమీద నేసిన ఎర్రని నూలుగుడ్డను తెచ్చి, దానిని జానెడు చొప్పున నాలుగు ముక్కలు చేసిరి. ఒక ముక్కను బడి మిద్దెమీద వాలుగా నిలిపిన బల్లకు మేకులతో కొట్టించిరి. రెండవదానిని దాని ప్రక్కనే కొట్టించి, పైన ఒక పగిలిన రాతిపలకను మూతగా బిగించిరి. మూడవదానిని గాజుసీసాలో ఉంచి, బిరడా వేసి, లక్కతో మూసి, అదే బల్లకు కట్టించిరి. నాలుగవదానిని హాజరుపట్టీలుండు చెక్కపెట్టెలో మడిచిపెట్టిరి. ప్రతి నెల మొదటి తారీఖున నలుగురు పిల్లలము మిద్దె ఎక్కి, ఆ ముక్కలను చూచి, తేదీయు, గంటయు, చూచినవాని పేరును ఒక రిజిస్టరులో వ్రాయవలెను.

వానలు పడునప్పటికి ఎండలోని ముక్క కడిగిన ఇటుకవలె వెలిసిపోయెను. పలకక్రింది ముక్క కొంత మారెను. సీసాలోనిది వెలిసెను గాని ఎండలోనిదానియంత కాదు. "సీసాలో వాన లేదు, గాలి లేదు, అందుకే సార్" అని నేను తొందరపడి చెప్పగా, వారు నా వంక చూచి, "సీసల గాలి లేదని నీకెవలు జెప్పిండ్రురా?" అని మాత్రము అనిరి. ఆ ప్రశ్నతో నాలో కారణములను విడదీయుట అను విద్యకు బీజము పడినది. వెలుగును, వేడిని, గాలిని, నీటిని ఒకదానినుండి ఒకదానిని వేరుచేసి, ఏది ఎంత చెరుపుచున్నదో అడుగుట ఆ నాలుగు ముక్కల ప్రయోజనమని నాకు చాలా ఏండ్లకు గాని తెలియలేదు.

నేటి నా విషయము కర్బన సౌరఘటములలో వాడు పాలిమర్ పదార్థముల నిలకడను కొలుచుట. ఇంత దూరపు మాటను ఈ ఊరికి ఏల తెచ్చితినని మీకు తోచవచ్చును. నిజమునకు ఈ మాట మీ కల్లములలోనే ఉన్నది. ధాన్యముపై కప్పు నీలిరంగు టార్పాలిన్ రెండు వేసవులు చూచిన పిమ్మట మడతలవెంట చిట్లి, చేతితో నలిపిన పిండివలె రాలుట మీలో చూడనివారు లేరు. మీ చేనిలో పరచిన డ్రిప్పు పైపు మాత్రము నల్లగా నుండి, అదే ఎండను అంతకంటె చాల కాలము ఓర్చును. రెండును పాలిమర్లే, చిన్న అణువులు పూసలవలె ఒకదానికొకటి కూడి ఏర్పడిన దీర్ఘమైన గొలుసులే. సూర్యుని అతినీలలోహిత కిరణములును గాలిలోని ఆక్సిజనును కలిసి టార్పాలిన్ గొలుసులను త్రెంచుచున్నవి. పైపులో కలిపిన మెత్తని మసి ఆ కిరణములను తాను మ్రింగి గొలుసులను కాచుచున్నది.

ఇచ్చటనే సౌరఘటపు పాలిమర్ యొక్క కష్టమంతయు ఉన్నది. టార్పాలినులో మసి కలుపవచ్చును, కిటికీకి పరదా కట్టవచ్చును. ఈ పాలిమర్‌ను ఎండనుండి దాచుటకు వీలులేదు. ఎండను త్రాగుటయే దాని పని. తనను పోషించునదియు తనను చెరుపునదియు ఒక్కటే అయిన పదార్థము ఎన్నాళ్ళు నిలుచునని అడుగుట మామూలు ప్రశ్న కాదు.

చరిత్రను క్లుప్తముగా మనవి చేసెదను. 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో చేసిన సిలికాన్ సౌరఘటము తనపై పడిన సూర్యశక్తిలో ఇంచుమించు నూటికి 6 వంతులను విద్యుత్తుగా మార్చెను. ఈ వంతునే దక్షత అందురు. ప్లాస్టిక్కు విద్యుత్తును ప్రసరింపజేయదన్నది ఆనాటి లోకజ్ఞానము. తీగలకు ప్లాస్టిక్కు తొడుగు వేయుట ఆ నమ్మకముతోనే గదా. 1977లో షిరకావా, మెక్‌డయార్మిడ్, హీగర్ అను మువ్వురు శాస్త్రజ్ఞులు పాలిఎసిటిలీన్ అను పాలిమర్ పొరకు అయొడిన్ సోకింపగా, దాని వాహకత లోహముల దరికి పోవునంతగా పెరిగెను. అందులకు 2000లో వారికి రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను. అయితే కీర్తి తెచ్చిన ఆ పాలిఎసిటిలీన్ గాలి తగిలినచో నిలువలేదు. ఈ శాస్త్రము పుట్టిననాడే నిలకడ అను ప్రశ్నయు దానితోడనే పుట్టినది.

1986లో కోడాక్ సంస్థలో టాంగ్ అను శాస్త్రజ్ఞుడు రెండు కర్బన పదార్థముల పొరలను ఒకదానిపై ఒకటి పేర్చి నూటికి ఇంచుమించు 1 వంతు దక్షతను సాధించెను. 1992లో సరిచిఫ్త్చి, హీగర్ మున్నగువారు వెలుగు తగిలిన పాలిమర్‌నుండి ఫుల్లరీన్ అను బంతివంటి కర్బన అణువునకు ఎలక్ట్రాన్ అత్యంత వేగముగా దుముకునని చూపిరి. 1995 నాటికి ఆ రెండింటిని కలిపి ఒకే పొరగా పూయు పద్ధతి స్థిరపడెను. 2015లోను 2019లోను చైనా శాస్త్రజ్ఞులు ఫుల్లరీనుకు బదులుగా వేరు అణువులను నిర్మింపగా దక్షత నూటికి 15 దాటినది. నేడు ప్రయోగశాలలలోని చిన్న ఘటములు 20 ప్రాంతమునకు చేరినవి. ఈ అంకెలు నిజముగా గర్వింపదగినవే. కాని దక్షత అనునది ఒక దినపు ప్రశంస. నిలకడ ఏండ్ల సాక్ష్యము. సిలికాన్ ఫలకమును అమ్మువాడు 25 ఏండ్లకు పూచీపడుచుండగా, కర్బన ఘటమును చేసినవాడు అంత ధైర్యముగా చేయి చాచలేకున్నాడు.

కర్బన ఘటమును సేంద్రియ ఘటమనియు అందురు. మన రైతులకు సేంద్రియమనిన ఎరువు గుర్తుకు వచ్చును గనుక, కర్బన ఘటమనగా నేమో కంటికి కనబడునట్లు చెప్పెదను. నేను మొదటిసారి ఈ పని చూచిననాడు పీ3హెచ్‌టీ అను పాలిమర్‌ను క్లోరోబెంజీనులో కరగించి నాకు చూపిరి. సీసాలోని ద్రావణము మోదుగుపువ్వు రంగున ఉన్నది. దానిని గాజుపలకపై ఒక్క చుక్క వేసి పలకను గిరగిర తిప్పగా, ద్రావణము పలుచనై, ఆరుచు, నా కన్నులయెదుటనే నేరేడుపండు రంగునకు తిరిగెను. ద్రావణములో విడివిడిగా చుట్టుకొనియున్న గొలుసులు ఆరునప్పుడు దగ్గరకు చేరి వరుసదీరి పేర్చుకొనుటచేత రంగు అట్లు మారును. ఆ పొర మందము ఇంచుమించు 100 నానోమీటర్లు, అనగా తలవెంట్రుక మందములో 700వ వంతు. వెలుగుచే ప్రేరితమైన శక్తి ఈ పొరలో 10 నానోమీటర్ల దూరమే పోగలదు గనుక, పాలిమరును, ఫుల్లరీన్ వంటి దాని జత అణువును అంత సన్నని మేళనమున కలిసియుండవలెను. చెరియాలు నకాషీ చిత్రకారులు ఖాదీగుడ్డకు గంజి, సుద్దమన్ను, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూసి, ఆరనిచ్చి, పిమ్మటనే బొమ్మ వ్రాయుదురు. ఆ పూత పొరలు సరిగా కుదరనిచో బొమ్మ ఎంత అందమైనను పగుళ్ళు వారును. ఈ ఘటమునందును బలమంతయు పూతయందే ఉన్నది.

ఇట్టి పొర ఎట్లు చెడును? మొదటిది వెలుగును ఆక్సిజనును. పీ3హెచ్‌టీ గొలుసునకు ప్రక్కగా వ్రేలాడు చిన్న కొమ్మలు కలవు. వెలుగులో పుట్టిన చురుకైన రాడికల్ అణువులు ముందు ఆ కొమ్మ మొదట నున్న హైడ్రోజనును లాగివేయును. అచ్చటినుండి చెరుపు ముఖ్యమైన గొలుసునకు ప్రాకి, గంధకముగల వలయములను విరుచును. గొలుసు తెగినచోట ఎలక్ట్రానుల బాట తెగును, రంగు పోవును. నేరేడు వన్నె వెలిసి తుదకు పొర గాజువలె రంగులేనిదగును. రెండవది వేడి. వేడిలో ఫుల్లరీన్ వంటి జత అణువులు కదిలి, పాకములో చక్కెర పలుకులు కట్టినట్లు, తమలో తాము గుంపుకూడును. సన్నని మేళనము ముద్దముద్దలగును. ఇందు ఏ బంధమును తెగలేదు, రంగును అంతగా పోలేదు, అయినను ఘటము మూలబడును. మూడవది నీరు. క్రింది పొరగా వాడు పెడాట్ అను మరియొక పాలిమర్ మిశ్రమము తేమను పీల్చును, దానిలోని ఆమ్లము ఎలక్ట్రోడును తినును. పైన నున్న లోహము అంచులనుండి తుప్పు పట్టును.

చెడు మార్గములు ఇన్ని ఉన్నవి గనుక కొలుచు మార్గములును అన్ని ఉండవలెను. రంగు ఎంత పోయెనో వర్ణపటమాపకముతో కొలుతురు. శోషణము అను ఆ కొలత 1 అయిన పొర తనపై పడిన వెలుగులో నూటికి 90 వంతులను ఆపి 10 వంతులను విడిచిపెట్టును. ఆ అంకె సగమై 0.5 అయినప్పుడు కంటికి పొర ఇంకను ముదురుగనే కనబడును, ఏలయనగా అది ఇంకను నూటికి 68 వంతులను ఆపుచున్నది. కాని రంగునిచ్చు గొలుసులలో సగము అప్పటికే నశించినవి. కన్ను చెప్పిన సాక్ష్యమునకును శోషణము చెప్పిన సాక్ష్యమునకును ఇంత వ్యత్యాసము గలదు. పరారుణ వర్ణపటములో ఆక్సిజను చేరిన బంధములు కొత్త గుర్తులుగా లేచును. తెగినది ఏ బంధమో అచ్చట తెలియును. కెలోరీమీటరుతో ఏ ఉష్ణోగ్రతయొద్ద గొలుసులు గడ్డకట్టిన స్థితినుండి సడలి కదలనారంభించునో కనుగొందురు. మూత ఎంత గట్టిదో తెలిసికొనుటకు దానిక్రింద కాల్షియం లోహపు పలుచని పొర నుంచుదురు. అద్దమువలె మెరయు ఆ పొర నీటి ఆవిరి చేరినచోట పారదర్శకమై, మూత ఎంత తేమను విడిచినదో తెలుపును. వీటన్నిటికిని చివర, ఘటముయొక్క విద్యుత్ప్రవాహమును వోల్టేజీని కొలిచి, శక్తి ఎంత తగ్గెనో చూతురు. రంగు మారకముందే విద్యుత్తు తగ్గుట తరచు కలదు గనుక, ఏ ఒక్క పరికరమును తీర్పరిగా నమ్మరాదు.

అయితే పరికరములు మంచివైనంతమాత్రమున కొలత సత్యమగునా? పరిశోధకులలో ఒకరు ఘటమును చీకటిలో నుంచి కొలిచిరి, ఒకరు దీపము క్రింద. ఒకరు నత్రజని నింపిన పెట్టెలో, ఒకరు గాలిలో. అందరును "ఇన్ని గంటలు నిలిచినది" అని వ్రాసిరి. ఆ గంటలను ఒకదానితో ఒకటి పోల్చుట అసాధ్యమయ్యెను. ఈ చిక్కును తీర్చుటకు పలు దేశముల పరిశోధకులు కూడి, 2011లో ఐసాస్ అను ఉమ్మడి నియమావళిని ప్రకటించిరి. అందు డి అనునది చీకటి, ఓ ఆరుబయలు, ఎల్ దీపము క్రింద, టి వేడిచలువల చక్రము, ఎల్‌టి వెలుగును వేడిని తేమను కలిపిన పరీక్ష. ప్రతిదానికిని సాధారణ ప్రయోగశాల మొదలు సాధనసంపత్తి గలదానివరకు మెట్లుగా స్థాయిలు నిర్ణయించిరి. ఆ పత్రమును మొదటిసారి చదివినప్పుడు నా మనస్సు ఈ బడి మిద్దెమీదికి వచ్చినది. పెట్టెలోని ముక్క చీకటి పరీక్ష. పలకక్రిందిది వేడితో కూడిన చీకటి. బల్లకు కొట్టినది ఆరుబయలు. సీసాలోనిది మూత బిగించిన ఘటము. పలు దేశములవారు కూడి చేసిన నియమమునకు బీజము దౌల్తాబాదు మిద్దెమీద ఒక ఉపాధ్యాయుని చేతిలో ఉండెనని నేననను; నిజముగా అడిగినవాడు ఎచ్చట అడిగినను ప్రశ్న ఒక్కటే అగునని మాత్రము అందును.

కాలమును చెప్పుటలోను ఒక ఒడంబడిక ఉన్నది. మొదటి శక్తిలో నూటికి 80 వంతులు మిగులునంతటి కాలమును టి80 అందురు. ఒక ఘటము నూటికి 10 వంతుల దక్షతతో మొదలై, తొలి 100 గంటలలో వేగముగా 8.5కు దిగి, పిమ్మట నెమ్మదించినదని ఊహింపుడు. మొదటి అంకెనుండి లెక్కించినచో 8కి దిగిననాడు దాని ఆయువు తీరినట్లు. తొలి పతనమును మినహాయించి 8.5నుండి లెక్కించినచో 6.8కి దిగువరకు అది బ్రతికియున్నట్లే. ఒకే ఘటమునకు రెండు ఆయుర్దాయములు! రెండును అసత్యము కావు. దేనినుండి లెక్కించితిమో చెప్పకుండుట మాత్రము అసత్యము. ఒక్క ఘటమును కొలిచి తీర్పు చెప్పుటయు అట్టిదే. ఒక్క కంకి చూచి విత్తనమును మెచ్చుకొను రైతు మన సీమలో లేడు.

దీపము సంగతియు చెప్పవలెను. అతినీలలోహితము లేని ఎల్‌ఈడీ దీపము క్రింద పాలిమర్ చాలకాలము బ్రతుకును. సూర్యునికి దగ్గరగానుండు జెనాన్ దీపము క్రింద అంతకాలము బ్రతుకదు. దీపము పేరు వ్రాయని పరిశోధనపత్రము వాన లెక్క చెప్పని పంటలెక్క వంటిది.

ఇక మన ఎండ. దౌల్తాబాదు ఇంచుమించు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశముమీద ఉన్నది. సూర్యుడు మే రెండవ వారమున ఒకమారు, జులై నెలాఖరున మరియొకమారు సరిగా మన నడినెత్తిమీదికి వచ్చును. మన నేలపై చదరపు మీటరునకు దినమునకు సగటున 5 కిలోవాట్‌గంటలకు పైగా సూర్యశక్తి పడును. ఏడాదికి ఇంచుమించు 1900. ఈ శాస్త్రము విశేషముగా పెరిగిన డెన్మార్కు వంటి ఉత్తర ఐరోపా దేశములలో అది 1000 ప్రాంతము. ప్రయోగశాలలో చదరపు మీటరునకు 1000 వాట్ల దీపమును ఆర్పక వెలిగించినచో మన ఏడాది ఎండయంతయు 80 దినములలో పూర్తియగును. కాని ఆ 80 దినములలో రాత్రి లేదు, మంచు లేదు, తొలకరి లేదు. పగలు వ్యాకోచించి రాత్రి సంకోచించు అంచులలోనికి నీరు చొచ్చుకొనిపోవు అవకాశము లేదు. ప్రమాణపరీక్షలో ఘటము ఉష్ణోగ్రత 25 డిగ్రీలు. మన మే నెలలో గాలి 43 డిగ్రీలున్ననాడు మిద్దెమీది ఫలకము 70 దాటును. వేడి పెరిగినకొలది రసాయనచర్యల వేగము గుణించుకొనుచు పోవునని అర్హీనియస్ సూత్రము చెప్పుచున్నది. అందుచేత ఐరోపాలో పదేండ్లు నిలిచినదని చీటీ అంటించిన పొర ఇచ్చటను పదేండ్లు నిలుచునని నమ్మరాదు. ఎండ చెప్పక ఏండ్లు చెప్పరాదు. నేను ఈ సభకు తెచ్చిన మాట ఇదియొక్కటే.

ఈ పనికి మన గడ్డ కొత్తది కాదు. 1944లో హైదరాబాదు రాజ్యమున నెలకొనిన కేంద్ర ప్రయోగశాలలు, 1956లో ప్రాంతీయ పరిశోధనశాలయై, 1989లో భారతీయ రసాయన సాంకేతిక సంస్థ అను పేరు దాల్చినవి. నేడు అచ్చట సౌరఘటముల రంగులపైనను పదార్థములపైనను పరిశోధన జరుగుచున్నది. ఉస్మానియా విశ్వవిద్యాలయమున రసాయనశాస్త్రము చదివిన మహమ్మద్ ఖాజా నజీరుద్దీన్ స్విట్జర్లాండుకు పోయి, గ్రేట్సెల్ అను శాస్త్రజ్ఞుని బృందమున చేరి, రంగుల ఆధారమున పనిచేయు సౌరఘటములకు రుథేనియం లోహముగల రంగును 1993లో లోకమునకు చూపిరి; ఆ రంగు చిరకాలము తక్కినవాటికి కొలబద్దగా నిలిచెను. రామగుండమున నీటిపై తేలు 100 మెగావాట్ల సౌరకేంద్రము 2022లో పూర్తియైనది. సిలికాన్ ఫలకములు మన నీటిని, మన ఎండను ఎట్లు ఓర్చుచున్నవో అచ్చట దినదినమును తెలియుచున్నది. పాలిమర్ పొరలకును అట్టి పరీక్ష మన నేలమీదనే జరుగవలెను. బరువులేని, చుట్టగా చుట్టదగిన, అచ్చువేసినట్లు ముద్రింపదగిన ఈ పొరలు రేకుల ఇంటి కప్పుకు, చేని గుడిసెకు, సంతలోని పరదాకు కరెంటు ఇయ్యగల శక్తిగలవి. బరువైన గాజు ఫలకమును మోయలేని కప్పు ఎవరిదో మనకు తెలియును. వానికి రెండేండ్లలో రాలిపోవు టార్పాలినును మరియొకమారు అమ్ముట అన్యాయము.

కడపట ఒక వస్తువును మీకు చూపవలెను. సారు పోయిన పిమ్మట ఆ రిజిస్టరును, పెట్టెలోని నాలుగవ ముక్కను వారి ఇంటివారు నాకు ఇచ్చిరి. ఇదిగో ఆ ముక్క. ఎండ ఎరుగనిది, వాన ఎరుగనిది. అయినను మడతవెంట ఈ గీత చూడుడు, వన్నె తగ్గినది. చీకటిలో నున్నదియు ముదియును. ఐసాస్‌లోని మొదటి చీకటి పరీక్ష ఈ ముదుసలితనమును కనిపెట్టుటకే. ఎంత తగ్గినదని నన్నడిగినచో నేను చెప్పలేను. పోల్చుటకు మొదటినాటి అంకె లేదు. రిజిస్టరులో మొదటి తేదీకి ఎదురుగా "ఎరుపు" అని నా వ్రాత. మూడవ నెలకు "తక్కువ ఎరుపు" అని మరియొకని వ్రాత. అద్దకపువారు ఎండకు రంగు నిలుచుటను తూచుటకు నీలి ఉన్నిగుడ్డలను 1నుండి 8 మెట్లుగా ప్రక్కన పెట్టి చూతురని మాకప్పుడు తెలియదు. సారునకు మాత్రము ఆ కొరత తెలిసియుండెను. చివరి పుట అడుగున వారి చేవ్రాత ఇట్లున్నది: "రంగును మాటల రాసినం. అంకెల రాసే సాధనం పిల్లలకు కావాలె."

విద్యార్థులారా, ఆ సాధనము నేడు దుర్లభము కాదు. చిన్న కాంతిమాపకమును, ఉష్ణమాపకమును, వోల్టుమీటరును నేను ఈ బడికి తెచ్చితిని. నాలుగు చిన్న సౌరఘటములను తెచ్చితిని. ఒకటి ఎండలో, ఒకటి పలకక్రింద, ఒకటి మూతబిగించిన సీసాలో, ఒకటి పెట్టెలో. బల్ల మాత్రము పాతదే. మేకుల బెజ్జములు దానికి ఇంకను ఉన్నవి. రేపు మొదటి తారీఖు. మిద్దె ఎక్కువారు నలుగురు కావలెను. తేదీ, గంట, చూచినవారి పేరు వ్రాసి, దాని ప్రక్కన ఈసారి అంకె వ్రాయుడు.